పాత హాట్ హ్యాచ్‌కు టైర్లు: ఏ కొలత, ఏ స్థాయి?

పాత హాట్ హ్యాచ్ (శక్తిమంతమైన ఇంజనున్న చిన్న హ్యాచ్‌బ్యాక్ కారు) ఉన్నవారికి టైర్లు మార్చే సమయం వచ్చిందంటే రెండు ప్రశ్నలు ఒకేసారి ఎదురవుతాయి. కంపెనీ ఇచ్చిన కొలతలోనే ఉండిపోవాలా, ఒకటి రెండు అంగుళాలు పెద్ద రిమ్ములకు మారాలా అన్నది మొదటిది. ఏ స్థాయి టైరు కొనాలన్నది రెండోది. చాలామంది వీటిని విడివిడిగా తేల్చుకుంటారు. ముందు రిమ్ము నచ్చుతుంది, ఆ తర్వాత దానికి సరిపడేది ఏది దొరికితే అది వేయించేస్తారు. ఈ కార్ల విషయంలో నిజానికి రెండూ ఒకే ప్రశ్న. టైరు కంపెనీలు తమ మేలైన రబ్బరు మిశ్రమాలను ఇప్పుడు ఎక్కువగా పెద్ద రిమ్ముల కోసమే తయారుచేస్తున్నాయి; 13, 14 అంగుళాల కొలతల్లో మిగిలినవి చాలావరకు మైలేజీకి, మన్నికకు ప్రాధాన్యమిచ్చే మామూలు టైర్లు. కాబట్టి కొలత మార్చాల్సి వస్తే అది కారు అందం కోసం కాక, మంచి టైరు దొరికే చోటికి చేరడం కోసం మార్చాలి.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. టైరు వెలుపలి వ్యాసం కంపెనీ కొలతకు ఒకటిన్నర శాతం అటూఇటూ దాటకూడదు, వెడల్పు 10 మిల్లీమీటర్లకు మించి పెరగకూడదు, రిమ్ము ఒక అంగుళానికి మించి పెరగకూడదు. ఈ మూడు హద్దుల గిరి లోపల, తడి రోడ్డు మీద బాగా ఆగే టైరు ఏ కొలతలో దొరికితే ఆ కొలతే సరైనది. గిరి దాటాక ఎంత ఖరీదైన టైరు వేసినా కారు తన స్వభావం కోల్పోతుంది; గిరిలోనే ఉండి నాసిరకం టైరు వేస్తే మొదటి వానలోనే దాని ఫలితం తెలిసివస్తుంది.

కొలతల లెక్క

185/60 ఆర్14 అన్న గుర్తులో 185 అంటే మిల్లీమీటర్లలో టైరు వెడల్పు, 60 అంటే ఆ వెడల్పులో సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు ఎంత శాతమో తెలిపే సంఖ్య, 14 అంటే అంగుళాల్లో రిమ్ము వ్యాసం. 185లో 60 శాతం 111 మిల్లీమీటర్లు. పైనా కిందా రెండు సైడ్‌వాల్‌లు కలిపి 222, దానికి 14 అంగుళాల రిమ్ము 355.6 కలిపితే టైరు మొత్తం వ్యాసం 577.6 మిల్లీమీటర్లు. కొత్త కొలత ఏది ఎదురైనా ముందు ఈ లెక్క ఒక కాగితం మీద వేసుకోవాలి, ఎందుకంటే స్పీడోమీటరు, గేర్లు, చక్రం చుట్టూ ఉండే ఖాళీ అన్నీ ఈ ఒక్క సంఖ్య మీదే ఆధారపడి ఉంటాయి.

కంపెనీలు తమ సొంత కార్లకు రిమ్ము పెంచినప్పుడు పాటించిన పద్ధతి చూస్తే ఈ లెక్క ఎందుకు ముఖ్యమో అర్థమవుతుంది. 1976లో వచ్చిన మొదటి తరం గోల్ఫ్ జీటీఐకి 175/70 ఆర్13 టైర్లు ఉండేవి. వాటి వ్యాసం 575.2. రెండో తరం గోల్ఫ్ జీటీఐకీ, 1984లో వచ్చిన ప్యూజో 205 జీటీఐ 1.6కూ 185/60 ఆర్14 వేశారు, వ్యాసం 577.6. రెండేళ్ల తర్వాత వచ్చిన 205 జీటీఐ 1.9కి 185/55 ఆర్15 ఇచ్చారు; వ్యాసం 584.5. ఒక్కో మెట్టుకు ఒక్కో అంగుళం చొప్పున రిమ్ము రెండు అంగుళాలు పెరిగినా చక్రం మొత్తం వ్యాసం పెరిగింది ఒక సెంటీమీటరు లోపే. వెడల్పు కూడా 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరిగింది. ఆ కార్లను పేరున్న కార్లుగా నిలబెట్టిన ఇంజనీర్లు గీసుకున్న గిరి ఇదే, మనకు అంతకంటే స్వేచ్ఛ ఉందనుకోవడానికి కారణం ఏమీ లేదు.

14 అంగుళాల కారుకు ఉన్న దారులు

ఇప్పుడు 185/60 ఆర్14 టైర్లతో వచ్చిన కారును ఉదాహరణగా తీసుకుందాం, ఎందుకంటే ఈ తరం హాట్ హ్యాచ్‌లలో ఎక్కువ కార్లు ఈ కొలత చుట్టూనే తిరుగుతాయి.

మొదటి దారి ఉన్న కొలతలోనే ఉండటం. 111 మిల్లీమీటర్ల సైడ్‌వాల్ గుంతల దెబ్బను తానే కొంత మింగుతుంది, రిమ్ము వంగకుండా కాపాడుతుంది, అన్నిటికన్నా మిన్నగా పట్టు జారబోయే ముందు డ్రైవరుకు స్టీరింగ్ ద్వారా ముందే చెబుతుంది. మలుపులో టైరు కొద్దికొద్దిగా వంగుతూ, మెల్లగా పట్టు వదులుతూ పోవడం ఈ కార్ల ఆనందంలో సగం. ఈ దారిలో ఉన్న చిక్కు సరుకు మాత్రమే: పేరున్న కంపెనీల మామూలు టూరింగ్ టైర్లు (రోజువారీ నడకకు, సౌకర్యానికి చేసినవి) దొరుకుతాయి, కానీ క్రీడా తరహా టైర్ల ఎంపిక చాలా సన్నబడింది.

రెండో దారి 15 అంగుళాల రిమ్ము మీద 185/55 ఆర్15. వ్యాసం 1.2 శాతం పెరుగుతుంది, వెడల్పు మారదు. 205 జీటీఐ 1.9, రెనో క్లియో విలియమ్స్ వంటి కార్లు ఫ్యాక్టరీ నుంచే ఈ కొలతతో వచ్చాయి. సైడ్‌వాల్ సుమారు ఒక సెంటీమీటరు తగ్గడం వల్ల స్టీరింగ్ స్పందన కొంచెం చురుకుగా మారుతుంది, సౌకర్యం మాత్రం పెద్దగా చెడదు. ఈ కొలతలో టూరింగ్ టైర్లతో పాటు కొంత క్రీడా తరహా టైర్లూ దొరుకుతాయి. పెద్ద బ్రేకులు వేసినందువల్ల 14 అంగుళాల రిమ్ము పట్టనివారికి కూడా ఇదే సహజమైన మెట్టు.

మూడో దారి 195/50 ఆర్15. వ్యాసం 576 మిల్లీమీటర్లు, అంటే మూల కొలతతో దాదాపు సమానం. స్పీడోమీటరు, గేర్లు ఉన్నట్టే ఉంటాయి. ఈ కొలతకు ఒక ప్రత్యేకమైన అదృష్టం ఉంది. మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరం 185/60 ఆర్14తో వచ్చి, రెండో తరంలో చాలా మోడళ్లకు 195/50 ఆర్15కు మారింది. ఆ కారును ట్రాక్ మీద, చిన్న చిన్న పోటీల్లో నడిపేవారు ఎంతమంది ఉన్నారంటే, వారి కోసమే టైరు కంపెనీలు ఈ కొలతలో మెత్తని క్రీడా టైర్ల నుంచి సెమీ స్లిక్‌ల (గాడులు బాగా తక్కువగా ఉండే ట్రాక్ టైర్ల) దాకా తయారుచేస్తూ వస్తున్నాయి. వెనక చక్రాలు తోసే రెండు సీట్ల కారు పుణ్యాన ముందు చక్రాలు లాగే హ్యాచ్‌బ్యాక్‌లకు మంచి రబ్బరు దొరుకుతోందన్నమాట. నాణ్యమైన క్రీడా టైరే కావాలనుకునేవారికి ఈ తరగతిలో నేను మొదట చూపించే కొలత ఇదే.

నాలుగో దారి 195/45 ఆర్16. వ్యాసం 581.9, లెక్క సరిపోతుంది. కానీ రిమ్ము రెండు అంగుళాలు పెరిగి, సైడ్‌వాల్ 88 మిల్లీమీటర్లకు పడిపోయి గిరి దాటుతుంది. మిట్టపల్లాలు లేని రోడ్ల మీద నడిపేవారికి, రిమ్ములు ముందే కొనేసినవారికి ఇది భరించదగ్గ రాజీ. కొత్తగా మొదలుపెట్టేవారికి నేను చెప్పను.

ఇక 205/40 ఆర్17. దీని గురించి కాస్త వివరంగా మాట్లాడాలి, ఎందుకంటే ఎక్కువమందిని ఊరించేది ఇదే. వ్యాసం 595.8 మిల్లీమీటర్లు, అంటే మూలం కన్నా 3.15 శాతం ఎక్కువ. ప్రతి గేరూ ఆ మేరకు పొడవవుతుంది, కాబట్టి తేలికైన కారు చురుకుగా ఎగిరిపడే గుణం తగ్గుతుంది. సూది 100 చూపేచోట కారు మునుపటి కంటే సుమారు 3 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో పోతుంటుంది. చక్రం బరువు పెరగడం ఇంకా పెద్ద సమస్య. 850, 900 కిలోల కారులో చక్రానికి మూడు నాలుగు కిలోలు అదనంగా చేరితే, ఆ బరువంతా స్ప్రింగుల కింద ఉండి, పైగా తిరుగుతూ ఉంటుంది. ఆ బరువు ఎక్కువ భాగం అంచు వైపు ఉండటం వల్ల దాన్ని తిప్పడానికీ, ఆపడానికీ అదనపు శక్తి కావాలి. పాత షాక్ అబ్జార్బర్లు అంత బరువును గతుకుల మీద అదుపు చేయలేక టైరును నేల మీద నుంచి ఎగరనిస్తాయి. ఎగిరిన టైరుకు ఎంత వెడల్పుంటే ఏం లాభం? అనుమానం ఉంటే ఇంట్లో బరువు చూసుకునే మిషను మీద పాత చక్రాన్ని ఒకసారి, కొనదలచిన చక్రాన్ని ఒకసారి పెట్టి చూడండి. ఆ తేడా కిలోల్లో కళ్లెదుట కనిపించాక వాదన అక్కర్లేదు.

వ్యతిరేక దిశలో ఉన్న ఒక ఆశను కూడా ఇక్కడే తేల్చాలి. 175/65 ఆర్14 చాలా మామూలు చిన్న కార్ల కొలత కాబట్టి ఎక్కడైనా దొరుకుతుంది, చవక కూడా. వ్యాసం 583.1, లోడ్ సూచిక (టైరు మోయగల బరువును తెలిపే సంఖ్య) కూడా సాధారణంగా అదే 82. కాగితం మీద బాగానే కనిపిస్తుంది. కానీ ఈ కొలతలో దొరికేవి ఎక్కువగా గంటకు 190 కిలోమీటర్ల వరకే అర్హత ఉన్న 'టీ' తరగతి మైలేజీ టైర్లు. హాట్ హ్యాచ్‌కు కంపెనీ ఇచ్చిన 'హెచ్' తరగతికి, అంటే 210కి, ఇవి తక్కువ. మీరు ఆ వేగంతో ఎన్నడూ పోకపోయినా, వేగ తరగతి తగ్గితే టైరు నిర్మాణం కూడా మెత్తబడి మలుపుల్లో తేడా తెలుస్తుంది. కంపెనీ చెప్పిన తరగతి కంటే కిందికి దిగవద్దు.

13 అంగుళాలు, ఇంకా చిన్న కార్లు

రెనో 5 జీటీ టర్బోది 195/55 ఆర్13, వ్యాసం 544.7. ఈ కొలతలో మంచి టైరు దొరకడం కష్టం, దొరికితే అదృష్టం. ఇక్కడ గిరిని కొంచెం సడలించక తప్పదు: 195/45 ఆర్15కు పోతే వ్యాసం 556.5, అంటే 2.2 శాతం ఎక్కువ. 185/55 ఆర్14 అయితే 559.1, తేడా 2.6 శాతం. రెండూ నిబంధనకు బయటే. అయినా దొరకని టైరు కన్నా, పదేళ్లుగా గోదాములో ఉన్న టైరు కన్నా ఇవి మేలు.

ప్యూజో 106 జీటీఐ, సిట్రోయెన్ సాక్సో వీటీఎస్‌లకు 185/55 ఆర్14 మూల కొలత. వీటి నుంచి 195/45 ఆర్15కు మారితే వ్యాసంలో తేడా అర శాతం లోపే. కానీ ఇక్కడ కనిపించని మెలిక ఒకటి ఉంది. 185/55 ఆర్14 లోడ్ సూచిక సాధారణంగా 80, అంటే ఒక్కో టైరు 450 కిలోలు మోస్తుంది. 195/45 ఆర్15 సూచిక 78, అంటే 425 కిలోలు. వెడల్పయిన టైరే ఎక్కువ బరువు మోస్తుందని అనుకోవడం తప్పు. కారు పత్రాల్లో ఇచ్చిన ముందు ఇరుసు గరిష్ఠ బరువును రెండుతో భాగించి, వచ్చిన సంఖ్య టైరు సామర్థ్యానికి లోపలే ఉందో లేదో చూసుకున్నాకే ముందుకు పోవాలి.

లోడ్ గురించి ఇంకో మాట. తక్కువ ఎత్తున్న టైర్లలో చాలావాటి మీద 'ఎక్స్‌ఎల్', అంటే అదనపు బరువు మోసేది, అని ఉంటుంది. అలాంటి టైరు తన పూర్తి బరువును సాధారణంగా 2.9 బార్ గాలి దగ్గర మోయగలదు, మామూలు టైరు 2.5 దగ్గర మోస్తుంది. పాత తేలిక కారుకు కంపెనీ చెప్పే గాలి దాదాపు 2 బార్ చుట్టూ ఉంటుంది. ఆ గాలితో ఎక్స్‌ఎల్ టైరు మోసే అదనపు బరువు ఏమీ ఉండదు, గట్టిపడిన సైడ్‌వాల్ కుదుపు మాత్రం మిగులుతుంది. అవసరం లేని కారుకు అది బలం కాదు, బరువు.

వెడల్పు, రిమ్ము, ఖాళీ

వెడల్పయిన టైరు పొడి రోడ్డు మీద కొంత మేలు చేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ తేలికైన కారు వెడల్పయిన టైరును నేలకు నొక్కే బలం తక్కువ. నీరు నిలిచిన రోడ్డు మీద అదే టైరు ముందుగా తేలిపోతుంది, ఎందుకంటే అది పక్కకు తోయవలసిన నీరు ఎక్కువ, తోయడానికి దాని మీద ఉన్న బరువు మాత్రం అంతే. పైగా మామూలు నడకలో రబ్బరు తగినంత వేడెక్కదు. పవర్ స్టీరింగ్ లేని కార్లలో నిలిపిన చోట స్టీరింగ్ తిప్పడం భుజాలకు పని అవుతుంది. రోడ్డు మీది గాడులను పట్టుకుని స్టీరింగ్ అటూ ఇటూ లాగడం కూడా మొదలవుతుంది.

రిమ్ము వెడల్పు కూడా సరిపోవాలి. 205 జీటీఐ 1.6కు 5.5 అంగుళాల వెడల్పు రిమ్ములు, 1.9కి 6 అంగుళాలవి ఉండేవి. 195/50 ఆర్15 టైరు సుమారు 5.5 నుంచి 7 అంగుళాల వెడల్పు వరకు కూర్చుంటుంది, ఆరు దానికి అన్ని విధాలా అనుకూలం. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఉబ్బి, మలుపులో పక్కకు ఒరుగుతుంది. వెడల్పు రిమ్ము మీద లాగిపెట్టిన ఇరుకు టైరు చూడటానికి ఏదోలా ఉండటమే కాక, రిమ్ము అంచు ప్రతి రాయికీ అందుబాటులోకి వస్తుంది.

రిమ్ము ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్ సంఖ్యను చాలామంది పట్టించుకోరు. చక్రం బయటికి వచ్చేకొద్దీ ముందు చక్రాలు లాగే కారులో యాక్సిలరేటర్ నొక్కినప్పుడు స్టీరింగ్ చేతిలో గుంజడం పెరుగుతుంది, బేరింగుల మీద భారం పెరుగుతుంది. కొన్ని మిల్లీమీటర్ల తేడా పరవాలేదు. స్పేసర్లు వేసి రెండు సెంటీమీటర్లు బయటికి నెట్టడం ఆ సస్పెన్షన్ జామెట్రీని మొత్తంగా తప్పించడమే.

ఖాళీ చూసుకోవడానికి మంచి పద్ధతి ఒకటుంది. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తని క్లేను వేలెడు లావుగా ముద్దలు చేసి, చక్రం పై భాగానికి ఎదురుగా మడ్‌గార్డు లోపలి అంచుకూ, లోపలివైపు షాక్ అబ్జార్బరు గొట్టానికీ అతికించాలి. కారులో నలుగురిని కూర్చోబెట్టి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పుతూ, స్పీడ్ బ్రేకరు మీదుగా మెల్లగా నడపాలి. తర్వాత దిగి చూస్తే క్లే ముద్ద ఎక్కడ నలిగిందో, ఎంత మందం మిగిలిందో తెలుస్తుంది. ఐదు మిల్లీమీటర్లయినా మిగలకపోతే ఆ కొలత ఆ కారుకు వద్దు. వెనక మడ్‌గార్డు అంచును సుత్తితో మడిచి టైరుకు చోటు చేసే పద్ధతి గురించి అడిగేవారు ఉంటారు. పాత కారులో తుప్పు మొదలయ్యేదే ఆ అంచు దగ్గర, దాన్ని కదిలించకపోవడమే మంచిది.

నాణ్యతను ఎలా తూచాలి

కొలత తేలాక, ఆ కొలతలో దొరికే టైర్ల మధ్య ఎంపిక. ఇక్కడ ఒక్క ప్రమాణం మిగిలిన వాటన్నిటికీ పైన ఉంటుంది: తడి రోడ్డు మీద పట్టు. పొడి రోడ్డు మీద ఇప్పటి టైర్లలో సాధారణమైనవి కూడా ఈ కార్లు పుట్టిన కాలపు మేలైన టైర్లకు తీసిపోవు. మిష్లిన్ 1992లో సిలికా కలిపిన రబ్బరుతో టైర్లు తెచ్చినప్పటి నుంచి తడిలో పట్టు, తక్కువ దొర్లుడు నిరోధం రెండూ ఒకే టైరులో సాధ్యమయ్యాయి. క్రమంగా మిగిలిన కంపెనీలూ అదే బాట పట్టాయి. కాబట్టి 1980ల నాటి కారుకు దాని సొంత కొలతలోనే నేటి మంచి టైరు వేస్తే, నాడు ఏ డ్రైవరూ ఎరుగని పట్టు దొరుకుతుంది. పట్టు కోసమే వెడల్పు పెంచాలన్న వాదన దీనితో చాలావరకు తేలిపోతుంది.

ఐరోపా లేబులు ఈ తూకంలో మొదటి సాధనం. 2021 మే నుంచి అమల్లో ఉన్న కొత్త లేబులు మీద తడి పట్టుకూ, ఇంధన పొదుపుకూ 'ఎ' నుంచి 'ఇ' వరకు తరగతులు ఉంటాయి. బయటి శబ్దం డెసిబెల్స్‌లో ఉంటుంది. పాత హాట్ హ్యాచ్‌కు తడి పట్టులో 'ఎ' లేదా 'బి' మాత్రమే చూడండి. ఇంధన పొదుపులో 'సి' వచ్చినా, 'డి' వచ్చినా బాధపడకండి. అయితే ఆ పరీక్ష కొత్త టైరు తిన్నగా ఆగే దూరాన్ని కొలుస్తుంది. మలుపులో పట్టు ఎలా వదులుతుందో, సగం అరిగాక టైరు ఎలా ఉంటుందో అది చెప్పదు. వాటికి పత్రికలు చేసే పోలిక పరీక్షలే ఆధారం, అవి ఎక్కువగా పెద్ద కొలతల్లోనే జరుగుతాయి కాబట్టి ఫలితాన్ని మన చిన్న కొలతకు అన్వయించుకునేటప్పుడు అదే పేరు, అదే మోడల్ టైరు అవునో కాదో చూసుకోవాలి.

అమెరికా పద్ధతిలో సైడ్‌వాల్ మీద ముద్రించే ట్రెడ్‌వేర్ (అరుగుదల) సంఖ్య రెండో సాధనం. 200 లేదా అంతకంటే తక్కువ ఉంటే ట్రాక్ కోసం చేసిన మెత్తని రబ్బరు, 300 చుట్టూ ఉంటే క్రీడా తరహా, 400 పైన ఉంటే మన్నిక వైపు మొగ్గింది అని స్థూలంగా అనుకోవచ్చు. ఈ సంఖ్యను ఏ కంపెనీకి ఆ కంపెనీయే తేల్చుకుంటుంది కాబట్టి వేర్వేరు కంపెనీల మధ్య దాన్ని పోల్చి తేల్చడం సరికాదు.

స్థాయిల విషయానికి వస్తే, మొదటి వరస కంపెనీల టూరింగ్ టైరును చిన్నచూపు చూడవద్దు. తేలికైన కారుకు దాని సౌమ్యత బాగా నప్పుతుంది, వానలో నమ్మదగినది, ఐదారేళ్ల దాకా గట్టిపడకుండా ఉంటుంది. రోజూ నడిచే హాట్ హ్యాచ్‌కు, ముఖ్యంగా 14 అంగుళాల రిమ్ము మీద, నా మొదటి ఓటు దీనికే. వారానికోసారి కొండదారిలో సరదాగా నడిపేవారికి 15 అంగుళాల్లో క్రీడా తరహా టైరు. పెద్ద కంపెనీల రెండో వరస పేర్లు కూడా ఉన్నాయి: బ్రిడ్జ్‌స్టోన్‌కు ఫైర్‌స్టోన్, మిష్లిన్‌కు క్లేబర్, ఐరోపాలో కాంటినెంటల్‌కు యూనిరాయల్. ఇవి పొదుపైన ఎంపికలు, ఒకటి రెండు విషయాల్లో తప్ప పెద్దగా వెనకబడవు.

ఎవరూ వినని పేరుతో, మొదటి వరస ధరలో సగానికి వచ్చే టైర్ల సంగతి వేరు. వాటిలో అన్నీ చెడ్డవి అనను, కానీ ఏది మంచిదో తెలుసుకునే దారి కొనేవారికి లేదు. కొన్ని రకాలు పొడి రోడ్డు మీద చప్పుడు లేకుండా, హాయిగా నడిచి, మొదటి చినుకుకే సబ్బు రాసినట్టు జారతాయి. ఈఎస్‌సీ (కారు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ) లేని, చాలాసార్లు ఏబీఎస్ కూడా లేని కారులో అది ఆడుకునే విషయం కాదు. సొమ్ము తక్కువగా ఉంటే పెద్ద రిమ్ముల ఆలోచన మానుకుని, ఆ డబ్బుతో మూల కొలతలో మొదటి వరస టైరు కొనడం ఎప్పుడూ మేలైన బేరం.

సెమీ స్లిక్‌లు ట్రాక్ మీద ఆనందమిస్తాయి. రోడ్డు మీద అవి చల్లగా ఉన్నంతసేపూ మామూలు క్రీడా టైరు కన్నా తక్కువే. నీరు నిలిచిన చోట ప్రమాదకరం. వాటిని వాడదలిస్తే వేరే రిమ్ముల జత మీద ఉంచుకోవాలి. వాటి పట్టుకు తగ్గట్టు పాత కారు బుష్‌లు (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు, బేరింగులు అదనపు భారం మోయవలసి వస్తుందన్నది కూడా లెక్కలో ఉండాలి. కారును ప్రదర్శనకు సిద్ధం చేసేవారికి ఇంకో మార్గం ఉంది: మిష్లిన్, పిరెల్లి వంటి కంపెనీలు నాటి రూపంతో ఉండే టైర్లను కొన్ని కొలతల్లో పాత కార్ల కోసం తయారుచేస్తున్నాయి. ధర ఎక్కువ, ఎంపిక తక్కువ. తక్కువ దూరం తిరిగే అపురూపమైన కారుకు అది న్యాయమైన ఖర్చే.

వయసు, జత, ఇరుసు

టైరు సైడ్‌వాల్ మీద డాట్ (DOT) గుర్తు చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2324 అని ఉంటే 2024 సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. చిన్న కొలతలు నెమ్మదిగా అమ్ముడుపోతాయి కాబట్టి దుకాణంలో కొత్తగా మెరిసే టైరు నిజానికి నాలుగేళ్లది కావచ్చు. నాలుగు టైర్ల మీదా ఈ అంకెలు చదివాకే బిగించమని చెప్పండి. ఒకే ఇరుసు మీది రెంటికీ తేదీలు దగ్గరగా ఉండాలి. కొందరి కార్లు ఏడాదికి కొద్ది దూరమే తిరుగుతాయి, ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) లోతు బాగుంటుంది కాబట్టి టైర్లు బాగున్నట్టే అనుకుంటారు. ఆరేళ్లు దాటిన రబ్బరు గట్టిపడి, ట్రెడ్ గాడుల అడుగున సన్నని పగుళ్లు మొదలయ్యే అవకాశం ఉంది. పదేళ్లు నిండిన టైరును ఎంత లోతున్నా తీసేయాలి. వాడిన టైర్లు కొనడం గురించి చెప్పడానికి ఒక్క మాట చాలు: వద్దు.

ఈ కార్లలో ముందు టైర్లే లాగుతాయి, తిప్పుతాయి, ఎక్కువగా ఆపుతాయి కూడా, కాబట్టి ముందువే త్వరగా అరుగుతాయి. అందుకని కొత్త జతను ముందు వేసి, పాతవి వెనక వదిలేయడం చాలామంది అలవాటు. పొట్టి వీల్‌బేస్, తేలికైన వెనక భాగం ఉన్న హాట్ హ్యాచ్‌లో ఇది ముఖ్యంగా చెడ్డ పని. తడి మలుపులో యాక్సిలరేటర్ నుంచి ఒక్కసారిగా కాలు తీస్తే వెనక భాగం పక్కకు తిరగడం వీటి సహజ గుణం. వెనక అరిగిన టైర్లుంటే ఆ గుణం అదుపు తప్పుతుంది. రెండే కొంటే మంచి జత వెనక్కే వెళ్లాలి. వీలైతే నాలుగూ ఒకే మోడల్ వేయాలి, ముందు ఒక కంపెనీ మెత్తని టైరు, వెనక ఇంకో కంపెనీ గట్టి టైరు అన్న కలగాపులగం ఈ కార్లకు అస్సలు నప్పదు. ట్రెడ్ 1.6 మిల్లీమీటర్లకు దిగితే చాలా దేశాల్లో చట్టపరంగానే మార్చాలి, కానీ తడిలో ఆగే దూరం 3 మిల్లీమీటర్ల దగ్గర నుంచే గమనించదగ్గంతగా పెరుగుతుంది కాబట్టి ఆ దగ్గరే మార్చుకోవడం తెలివైన పని.

బిగించే ముందు, బిగించాక

కొత్త టైర్లు వేయించే రోజుకు ముందే సస్పెన్షన్ కింది చేతుల (లోయర్ ఆర్మ్‌ల) బుష్‌లు, బాల్ జాయింట్లు, వెనక ఇరుసు బేరింగులు చూపించుకోవాలి. వాటిలో ఆట (వదులు) ఉంటే ఎంత మంచి టైరైనా కొద్ది నెలల్లో లోపలి అంచు మీద అరిగిపోతుంది, ఆ తర్వాత చేయించిన అలైన్‌మెంట్ కూడా నిలవదు. అలైన్‌మెంట్ చేయించేటప్పుడు ముందు చక్రాల టో కొలత (పైనుంచి చూస్తే అవి లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది) కంపెనీ పుస్తకం ప్రకారమే పెట్టించండి. మిషనులో మీ కారు పేరు లేకపోతే, దాదాపుగా దగ్గరి మోడల్ పేరు ఎంచుకుని పని కానిచ్చే మెకానిక్‌కు ఆ పుస్తకంలోని పేజీ చూపించడం మేలు.

కొలత మారితే గాలి కూడా మారుతుంది. కంపెనీ చెప్పిన ఒత్తిడితో మొదలుపెట్టి, టైరు చల్లగా ఉన్నప్పుడు ట్రెడ్ మీద అడ్డంగా ఒక చివర నుంచి మరో చివరకు సుద్దముక్కతో గీత గీయండి. చదునైన రోడ్డు మీద తిన్నగా కొద్ది దూరం నడిపి ఆగి చూడండి. గీత మధ్యలో మాత్రమే చెరిగితే గాలి ఎక్కువ, రెండు అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ, వెడల్పంతా సమంగా చెరిగితే సరిగ్గా ఉంది. ఒక్కోసారి 0.1 బార్ చొప్పున మారుస్తూ నాలుగు చక్రాలకూ విడిగా ఇలా చూసుకోవాలి, ఎందుకంటే ముందున్న ఇంజన్ బరువు వల్ల ముందూ వెనకా అవసరమయ్యే గాలి ఒకటి కాదు. కొత్త టైరు ఉపరితలం మీద అచ్చు నుంచి వచ్చిన జారుడు పూత పోయేదాకా, అంటే మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, మలుపుల్లో నిదానంగా నడిపి, ఆ తర్వాత వీల్ బోల్టుల బిగింపును టార్క్ రెంచితో మరోసారి సరిచూసుకోండి.